ఓపల్ గ్యాసు బేరం

ఆ శనివారానికి ఓపల్ వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. పొద్దున్నే పళ్లాల కొద్దీ పెపరోనీ రోల్స్, అంటే లోపల కారపు మాంసం ముక్కలు పెట్టిన రొట్టెలు, కాల్చాలి. పదింటికి గ్యాసు కంపెనీ కుర్రాడు ట్రెంట్ వస్తాడు, అతను చూపించిన చోట సంతకం పెట్టి చెక్కు తీసుకోవాలి. ఆ చెక్కు పట్టుకుని సాయంత్రంలోగా కూడలికి వెళ్లి, మూతబడ్డ పాత కిరాణా కొట్టును సొంతం చేసుకోవాలి. పెళ్లయినప్పటి నుంచీ వంటింట్లో రొట్టెలు కాల్చి చర్చి మెట్ల మీద అమ్ముకుంటున్న మనిషికి ఒక కొట్టు, దానికో గాజు తలుపు, తలుపు మీద తన పేరు ఉండాలన్నదే జీవితాశయం. సాయంత్రం దాటితే ఆ కొట్టును లారీలు నిలుపుకునే ఆసామికి ఇచ్చేస్తానన్నాడు దాని యజమాని. ఆ ఆసామి కొట్టు కూలగొట్టి కంకర పోయిస్తాడట.

ఆమె అమ్మేది పొలం కాదు. ఆ వెస్ట్ వర్జీనియా కొండల్లో నేల ఒకరిదీ, నేల కింది గ్యాసు మరొకరిదీ కావడం మామూలే. ఓపల్ అదృష్టం కొద్దీ రెండూ ఆమెవే, పుట్టింటి నుంచి వచ్చాయి. కింది హక్కు అమ్మేసినా పైన గడ్డీ, కోళ్లూ, మొగుడు డెల్బర్టూ ఎప్పటిలాగే ఉంటారు. "మీ పొలం కింద పెద్దగా ఏమీ లేదమ్మా. ఏదో మీ కొట్టు ముచ్చట తీరుతుందని ఇస్తున్నా" అన్నాడు ట్రెంట్ కిందటి వారం. అతనిచ్చే డబ్బు కొట్టు గోడలకు సరిపోతుంది, రొట్టెల పొయ్యికి సరిపోదు. అయినా సరే అనుకుంది.

పళ్లెం పొయ్యిలోకి తోసి కిటికీలోంచి చూసింది ఓపల్. ఇంటి ముందు పొలమంతా కర్ర మేకులు పాతి ఉన్నాయి. ప్రతి మేకుకూ ఒక గులాబీ రంగు ప్లాస్టిక్ పీలిక గాలికి రెపరెపలాడుతోంది.

"డెల్బర్ట్! నా పొలాన్ని ఏం చేశావు?"

డెల్బర్ట్ కాఫీ కప్పు వెనక దాక్కోవాలని చూశాడు. ఆరడుగుల మనిషికి ఆ కప్పు చాల్లేదు. "నీకు చెబుదామనే అనుకున్నా. ఫైరింజను వాళ్ల ఆవు పందెం ఇవాళ మన పొలంలోనే. వాళ్ల మైదానం బురదైపోయిందట. వాళ్ల నాయకుడు ఐరా వచ్చి అడిగితే కాదనలేకపోయా."

ఆవు పందెం అక్కడ ఏటా జరిగేదే. పొలాన్ని గడులుగా విడగొట్టి గడికో టికెట్టు అమ్ముతారు. తర్వాత ఆవును వదులుతారు. అది ఏ గడిలో పేడ వేస్తే ఆ గడి కొన్నవాడిదే బహుమతి. మిగిలిన వసూలు అగ్నిమాపక దళానికి పోతుంది. ఆ దళంలో జీతం తీసుకునేవాడు ఒక్కడూ లేడు, కాబట్టి వాళ్ల నీళ్ల గొట్టాలకూ హెల్మెట్లకూ ఆ ఆవే దిక్కు.

"పందెం సరే, ఆ పీలికలేంటి?"

"తాడు అయిపోయింది. మా మేనల్లుడు పైపులైను పనికి పోతాడుగా, వాడి బండిలో ఈ ప్లాస్టిక్ పీలికల చుట్ట కనబడింది. బాగుంది కదూ, పెళ్లి పందిరిలా?"

బాగానే ఉంది. కానీ ఆ జిల్లాలో గులాబీ పీలికల మేకులు కనబడితే చంటిపిల్లాడు కూడా ఒకటే చెబుతాడు: సర్వేయర్లు వచ్చి వెళ్లారు, ఇక్కడ గ్యాసు బావి పడుతోంది అని. ఓపల్‌కు ఆ ఊహే తట్టలేదు. ఆమె ప్రాణమంతా పొయ్యి మీదుంది.

ట్రెంట్‌కు మాత్రం వెంటనే తట్టింది. అతను ఓక్లహోమాలో ఏ అద్దాల మేడలోనో పెరిగిన కుర్రాడు. బూట్లు నిన్ననే డబ్బాలోంచి తీసినట్టుంటాయి. బండి దిగి, పొలం చూసి, తలుపు వేయడం మరిచిపోయి నిలబడిపోయాడు.

"అమ్మగారూ, ఆ మేకులు ఎవరు పాతారు?"

"మా ఆయనే బాబూ. ఆవు కోసం."

"ఆవు కోసం" అని ట్రెంట్ మెల్లిగా తల ఊపాడు. పీలిక కట్టిన మేకుల మధ్య ఆవుకేం పని? ఇంకో కంపెనీ వాళ్లు తనకంటే ముందే వచ్చి కొలుచుకుపోయారు, ఈ ముసలమ్మ నోరు విప్పడం లేదు అనుకున్నాడు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే గొంతు సవరించుకున్నాడు. "ఆఫీసులో గట్టిగా మాట్లాడానమ్మా. పొయ్యికి కూడా కలిపి ఇవ్వగలం."

ఓపల్ అతన్ని ఎగాదిగా చూసింది. అడక్కుండా పొయ్యి ఇచ్చే మనిషిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ చూపుకు అర్థం చాలదనే అనుకున్నాడు ట్రెంట్. "పెద్ద పొయ్యి" అన్నాడు.

అంతలో ఐరా తలుపు కొట్టకుండానే లోపలికొచ్చాడు. అగ్నిమాపక దళానికి నాయకుడూ, ఆవుకు యజమానీ కూడా అతనే. "ఓపలమ్మా, పెన్సిలుంటే పడెయ్యి. గడులు ఎగబడి కొంటున్నారు. పాస్టరు గారు రెండు తీసుకున్నారు. బ్యాంకావిడ ఆ వాగు పక్క వరసంతా లాగేసింది. మీ గేటు దగ్గర నేనూ ఒకటి అట్టిపెట్టుకున్నా."

"బ్యాంకావిడా?" అన్నాడు ట్రెంట్ నీరసంగా.

"ఆవిడకు తెలీకుండా ఈ ఊళ్లో చీమ కూడా కదలదు బాబూ" అని పెన్సిలు చెవికి తగిలించుకుని ఐరా వెళ్లిపోయాడు.

ఊరి జనానికి ముక్కలు ముక్కలుగా హక్కులు అమ్ముడైపోతున్నాయన్నమాట! ట్రెంట్ పైవాళ్లతో మాట్లాడాలని బయటికి పరిగెత్తాడు. ఆ లోయలో ఫోనుకు సిగ్నలు అందేది పొలం నడిమధ్యనున్న దిబ్బ మీదే. అక్కడికెక్కి, పీలికల మధ్య ఒక చెవి మూసుకుని, చెయ్యి గాలిలో ఊపుతూ అరుస్తూ నిలబడ్డాడు. అదే సమయానికి రోడ్డు మీద పోతున్న బండి ఒకటి కీచుమని ఆగి వెనక్కొచ్చింది. అందులో ఉన్నది కెండ్రా, ఇంకో కంపెనీ మనిషి. ఎదుటి కంపెనీ వాడు మేకుల మధ్య నిలబడి కేకలేస్తుంటే చూస్తూ పోయే రకం కాదు.

కెండ్రా నేరుగా వంటింట్లోకే వచ్చింది. "అమ్మా, ఆ కుర్రాడేమిస్తానన్నాడో నాకు చెప్పకండి. దాని మీద ఇంకాస్త నేనిస్తా." వెనకే ట్రెంట్ ఎగశ్వాసతో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, వేడి రోల్స్ తింటూ, పోటీలు పడి వేలంపాట మొదలుపెట్టారు. ధర గోడల్నీ పొయ్యినీ దాటిపోయింది. కొట్టుకు కొత్త పైకప్పు పడింది. డెల్బర్ట్ మోకాలి ఆపరేషను కూడా అయిపోయింది.

డెల్బర్ట్ పెళ్లాం చెయ్యి పట్టుకుని సామాన్ల గదిలోకి లాక్కెళ్లాడు. "వాళ్లు ఆ పీలికలు చూసి గ్యాసు బావి అనుకుంటున్నారే! తెలిసేలోపు సంతకం పెట్టెయ్యి!"

ఓపల్‌కు అప్పుడు వెలిగింది. వెలిగాక సంతోషం రాలేదు, భయమేసింది. ఆవు వచ్చేసరికి ఈ బేరం గాలికి పోతుంది, కొట్టూ పోతుంది. అలాగని పేడ మీద ఎవరినీ మోసం చేసిన వంశం కాదు ఆమెది. "మొగుడి తెలివీ, మేనల్లుడి పీలికా కలిసి నా కొంప తీశాయి. నే చెప్పేస్తా" అంది.

వంటింట్లోకొచ్చి చేతులు తుడుచుకుని నిలబడింది. "ఇద్దరూ వినండి. అక్కడ సర్వే లేదు, పాడూ లేదు. అవి ఆవు పందెం గడులు. ఐరా ఆవు ఎవరి గడిలో పేడేస్తే వాళ్లకి బహుమతి. అంతే."

ట్రెంట్, కెండ్రా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెండ్రా పగలబడి నవ్వింది. "ఈ ఉద్యోగంలో ఎన్నో కథలు విన్నా గానీ, ఆవు పేడ కథ మాత్రం మొదటిసారమ్మా! మీతో బేరం ఆడడం మా వల్ల కాదు." ట్రెంట్ నవ్వలేదు. కంపెనీ తనకిచ్చిన ధర హద్దు చివరికంటా వెళ్లి, అక్కడ ఆగాడు.

ఆ ధర విని ఓపల్ ఇంకోసారి చెప్పమంది. ఆ తర్వాత ఆమెకు కోపం వచ్చింది, ఒళ్లు మండేంత కోపం. నాలుగు కర్రలు చూసి ఇంత ఇవ్వగలిగిన కంపెనీ, కర్రల్లేని రోజున "పెద్దగా ఏమీ లేదు" అని గోడల డబ్బు చూపించిందా? 

"ఆ ధరకి సగమే" అంది.

"సగం ధరకా?" ట్రెంట్ కళ్లు మెరిశాయి.

"ధర పూర్తిగానే. హక్కులో సగం. మిగతా సగం నా దగ్గరే."

కెండ్రా చెయ్యెత్తబోయింది. "ఒప్పుకున్నా!" అని ట్రెంట్ కేక పెట్టి, కాగితంలో 'మొత్తం' అన్న చోట కొట్టేసి 'సగం' అని రాశాడు. అతనూ ఓపలూ సంతకాలు పెట్టారు. చెక్కు ఓపల్ చేతికొచ్చింది.

సిరా ఆరకముందే సైరన్ మోగింది. ఎర్ర ఫైరింజను, దాని వెనక జనం, జనం వెనక ట్రైలరు. ఐరా ట్రైలరు తలుపు తీస్తే, కొమ్ములకు కాగితం పూలు కట్టిన బొద్దుపాటి ఆవు గంభీరంగా దిగి గులాబీ మేకుల మధ్యకు నడిచింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. పాస్టరు గారు తన గడి పక్కన నిలబడి ఆవును బతిమాలుతున్నారు.

కిటికీ దగ్గర ట్రెంట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మీరు... నిజమే చెప్పారా?"

"పొద్దున్నుంచీ అదే చెబుతున్నా నాయనా" అంది ఓపల్. గాజు తలుపూ, దాని మీద పేరూ కళ్ల ముందే కరిగిపోతున్నాయి. అయినా చెక్కు బల్ల మీద పెట్టి అతని వైపు జరిపింది. "నీకు ఇష్టం లేకపోతే చెప్పు, ఆ కాగితం ఇప్పుడే చింపేద్దాం. తర్వాత ఏడవొద్దు."

డెల్బర్ట్ కళ్లు మూసుకున్నాడు. కెండ్రా మాత్రం సంచీలోంచి తన కంపెనీ కాగితం తీసి, మెల్లిగా పెన్ను మూత విప్పింది. మేకులు ఉత్తుత్తివని తెలిశాక కూడా విప్పింది!

అది చూసి ట్రెంట్ ఒప్పందాన్ని గబుక్కున మడిచి లోపలి జేబులో పెట్టి, జేబు మీద చెయ్యేసుకున్నాడు. "అక్కర్లేదమ్మా. ఉండనివ్వండి."

"అయితే నా పొలం కింద బోలెడుందన్నమాట" అంది ఓపల్. ట్రెంట్ తన బూట్లు చూసుకున్నాడు.

"మిగతా సగం నాకిస్తారా?" అంది కెండ్రా.

"ఇవ్వను. అది కిందే ఉంటుంది, దానికి తిండి పెట్టాలా బట్ట కట్టాలా?" ఓపల్ చెక్కు తీసుకుని, ఏప్రాన్ విప్పి మొగుడి మీదికి విసిరింది. కొట్టాయన చీకటి పడేదాకా ఆగక్కర్లేకుండా మధ్యాహ్నానికే కూడలికి చేరింది. కంకర ఆసామి బండి దిగేసరికి ఆమె కొత్త తాళం చెవి వేలికి తిప్పుకుంటూ, తలుపు మీద తన పేరు ఏ రంగులో రాయాలో పెయింటరుతో దెబ్బలాడుతోంది.

ఇక్కడ పొలంలో ఆవు తీరిగ్గా మేసి, సరిగ్గా ఐరా గడికీ పాస్టరు గారి గడికీ మధ్యనున్న గీత మీద పని కానిచ్చింది. ఇద్దరూ పట్టు విడవకపోవడంతో సోమవారం సర్వేయరును పిలిపించాల్సి వచ్చింది, ఆ పొలంలో నిజమైన సర్వేయరు కాలు పెట్టడం అదే మొదలు.