ఓబులమ్మ ఆకు ఎవరు తిన్నారు?

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా హోదాలే ఏపుగా పెరిగిన అడవిలో, ఓబులమ్మ అనే గాడిద నీళ్లు మోసి బతికేది. కొండ కింది చెలమ నుంచి కొండ మీది దొరల గుహలదాకా రోజుకు ఇరవై తడవలు. అంత మోతకూ కూలి ఏమిటంటే, పొద్దు వాలాక అదే చెలమలో కడుపునిండా నీళ్లు తాగే హక్కు. తను మోసే నీళ్లు తను తాగడానికి ఇంకొకరు ఒప్పుకోవాలన్నమాట. ఎండాకాలం, అడవి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క చెలమే.

చెలమకు యజమాని సింహం. పెత్తనం మాత్రం సుబుద్ధి అనే నక్కది. పేరుదేముంది లెండి, ఎవరైనా పెట్టుకోవచ్చు.

ఆ ఏడు సుబుద్ధి కొత్త పద్ధతి తెచ్చింది. మోతకూలీలందరి మెడలకూ గంటలు కట్టించింది. ఒక్కొక్కరి పేరు ఒక తాటాకు మీద రాయించి, చెలమ గట్టున ఉన్న చెదపుట్టలో గుచ్చింది. గంట మోగుతుంటే పని జరుగుతున్నట్టు. గంట ఆగిందా, చెద పైకొచ్చి ఆ పేరున్న ఆకు తినేస్తుంది. ఆకు లేనివాళ్లకు పనీ లేదు, నీళ్లూ లేవు.

"ఎవరి గంట ఆగిందో చెదకెలా తెలుస్తుంది నాయనా?" అని అడిగింది కూలీల్లో పెద్దదైన తాబేలు.

"అది పుట్టకే తెలుసు తాతా, నాక్కూడా తెలీదు. ఇందులో ఎవరి చెయ్యీ లేదు, ఎవరి పక్షపాతమూ లేదు. అదే దీని గొప్ప!" అంది నక్క.

మొదటి నెల ఉత్తమ కూలీ బిరుదు ఎలుగుబంటికి దక్కింది. అది ఒక్క కడవ మోసిన పాపాన పోలేదు. ఒళ్లంతా గజ్జి కావడంతో పొద్దస్తమానం చెట్టుకు వీపు రాసుకుంటూ కూర్చునేది. గంట మాత్రం ఖంగుఖంగున మోగుతూనే ఉండేది. దండ వేసేటప్పుడు కూడా గోక్కుంటూనే ఉంది.

ఓబులమ్మకు నెల తిరగని పిల్ల ఉంది. గాడిదపిల్ల పాలు తాగాలంటే తల్లి కదలకుండా నిలబడాలి. ఒక మధ్యాహ్నం పిల్ల ఆకలికి తాళలేక కాళ్లకు అడ్డం పడుతుంటే, ఓబులమ్మ దారి పక్కన ఆగి పాలిచ్చింది. పిల్ల గుటకలు వేస్తుంటే హాయిగా కళ్లు మూసుకుంది.

సాయంత్రం చెలమ దగ్గర కాపలా ఉండే అడవిపంది అడ్డం నిలిచింది. "నీ పేరు లేదు."

"పొద్దున ఉందిగదన్నా!"

"పొద్దున ఉంది. ఇప్పుడు లేదు. పక్కకు జరుగు, వెనక జనం ఉన్నారు."

ఓబులమ్మ నక్క దగ్గరికి పరుగెత్తింది. "పాలివ్వడానికి ఆగితే పని పోగొడతావా అయ్యా?"

"నేనా పోగొట్టింది?" సుబుద్ధి గుండె మీద చెయ్యి వేసుకుంది. "చెద తిన్నదమ్మా. చెదకు నీ మీద పగా? కావాలంటే వెళ్లి దాన్నే అడుగు."

ఓబులమ్మ నిజంగానే వెళ్లి అడిగింది. పుట్ట కన్నంలో మూతి పెట్టి, పిల్ల సంగతీ పాల సంగతీ పూసగుచ్చినట్టు చెప్పుకుంది. ఒక చెదపురుగు తల బయటపెట్టి, మళ్లీ లోపలికి పోయింది.

"చూశావా, నీ ఫిర్యాదు అందింది," అంది నక్క.

సింహం దగ్గరికి పోతే, "అవన్నీ సుబుద్ధి చూసుకుంటాడు" అంది. సుబుద్ధిని అడిగితే, "అవన్నీ పుట్ట చూసుకుంటుంది" అంది. మూడు రోజులు అలా గానుగెద్దులా తిరిగింది. తోటి కూలీలు నోట పట్టి తెచ్చిన నీళ్లు నాలుక తడవడానికే చాలేవి. నాలుగో రోజుకు పాలు ఎండిపోయాయి. పిల్ల పొదుగును కుమ్మి కుమ్మి, ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకుంది. దాన్ని చూస్తుంటే ఓబులమ్మకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది.

కూలీల్లో గొణుగుడు మొదలైంది. అది పెద్దది కాకముందే సుబుద్ధి ఒక ఎత్తు వేసింది. దొరగారు కూడా గంట కట్టుకుంటే ఇక నోరెత్తేవాడెవడు? చెలమ గట్టున సభ పెట్టి, సింహం మెడలో బిందె అంత గంట కట్టి, పేరు రాసిన తాటాకును పుట్ట నడినెత్తిన గుచ్చింది.

"నేనూ మీలో ఒకణ్ణే!" అని గర్జించింది సింహం. అందరికన్నా ముందు ఎలుగుబంటి చప్పట్లు కొట్టింది.

సభ అయ్యాక సింహం భోంచేసి పడుకుంది. సింహాల నిద్ర సంగతి తెలిసిందేగా. గంట కూడా దాంతోపాటే పడుకుంది. లేచి దాహానికి చెలమ దగ్గరికొస్తే అడవిపంది అడ్డం నిలిచింది.

"మీ పేరు లేదు దొరా."

"నేనెవరో తెలుసా?"

"తెలుసు దొరా. పేరు లేదు."

సింహం గర్జనకు కొండ అదిరింది. సుబుద్ధి బొరియలోంచి కొత్త తాటాకు పట్టుకుని పరుగున వచ్చింది. గంటంతో గబగబా పేరు గీకి పుట్టలో గుచ్చింది. అంతా కలిపి రెండు రెప్పపాట్లు.

ఓబులమ్మ అక్కడే ఉంది. "అయ్యా, ఎవరి చెయ్యీ లేదన్నావే. మరి ఇదెవరి చెయ్యి?"

"ఇది వేరు," అంది నక్క చెమట తుడుచుకుంటూ. "దొరగారి ఆకు తింటే అది పుట్ట పొరపాటు. నీ ఆకు తింటే అది పుట్ట తీర్పు."

ఆ మాట విన్న తాబేలు కడవ దించి, వంగి ఇంత గడ్డి పీకి, నమలకుండా తన గంటలో కుక్కుకుంది. దాన్ని చూసి పక్కనున్న ఇంకో గాడిద, దాన్ని చూసి దున్న. కాసేపటికి అడవిలో మోగుతున్నది ఎలుగుబంటి గంట ఒక్కటే. దొరల గుహల్లో కడవలు అడుగంటాయి. పుట్ట మీద ఆకులన్నీ మాయమయ్యాయి. అంత తిండి ఎన్నడూ ఎరగని చెద, దొరగారి కొత్త ఆకును కూడా వదల్లేదు.

"రాయి!" అంది సింహం నక్కతో. "అందరివీ రాయి!"

సుబుద్ధి పంజాలు బొబ్బలెక్కేదాకా రాసింది. మొదటి ఆకు ఓబులమ్మది. అది కడుపునిండా నీళ్లు తాగి పిల్ల దగ్గరికి పోయింది. మర్నాటికి పాలు దిగాయి. ఆనాటి నుంచి అది పాలివ్వడానికి ఆగితే, కూలీలంతా కడవలు దించి గంటల్లో గడ్డి కుక్కుకుని ఆగేవారు. ఆ కాసేపటికి నక్క 'పుట్ట విశ్రాంతి' అని పేరు పెట్టి, తన ఏర్పాటేనని చెప్పుకుంది.

"నీ ఆకు నీకొచ్చిందిగా, ఇంకేం కావాలి?" అని అడిగింది సింహం.

"ఎవరు తీశారో చెప్పాలి దొరా. నాకు నీళ్లు లేక నా బిడ్డ ఎండిపోయింది," అంది ఓబులమ్మ.

కాదనలేక విచారణ సంఘం వేశారు. సభ్యులు మూడు వారాలు కూర్చుని, తప్పెవరిదో పేరుతో సహా తాటాకుల మీద వివరంగా రాశారు. ఆ నివేదికను భద్రంగా ఉంటుందని సుబుద్ధి పుట్టలో దాచింది. మర్నాడు ఓబులమ్మ వెళ్లేసరికి ఈనెలే మిగిలాయి.

నీతి: తప్పంతా చెదదే, అందుకే దొరలు దాన్ని అంత అపురూపంగా పెంచుకుంటారు.