ముసలాయనకి కీ

ఆ ఆదివారం సాయంత్రం వాచీ ప్రియుల సంఘం కార్యదర్శి ఇంటికి వస్తానన్నాడు. అందుకని డ్రాఫ్ట్స్‌మన్ పెందలాడే లేచి, నున్నగా గడ్డం గీసుకుని, అలమారలోని చెక్కపెట్టె తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. పెట్టెలో అతని వాచీలన్నీ మఖమలు గుడ్డ మీద పడుకుని ఉన్నాయి. బ్యాటరీతో నడిచేది ఒక్కటీ లేదు. బ్యాటరీ వాచీ అంటే అతనికి గిట్టదు. "అది వాచీ కాదు, టార్చిలైటుకి చుట్టం" అంటాడు.

ఒక్కోదానికీ ఒక్కో పేరు. పల్చటి బంగారు రంగుదాని పేరు దొరసాని. ఎంత లోతు నీళ్లలోనైనా మునగగలదని కొని, చేతులు కడుక్కునేటప్పుడు కూడా విప్పి పక్కన పెట్టే బరువైన కొత్త వాచీ పేరు గజ ఈతగాడు. తాతగారి నుంచి వచ్చిన వాచీ పేరు ముసలాయన. డయలు గోధుమ రంగుకి తిరిగినా ముసలాయన ముళ్లు ఇంకా నీలంగా మెరుస్తాయి. పక్కనున్న బొడిపె తిప్పి రోజూ కీ ఇస్తే తప్ప నడవడు.

సంఘంలో చేరాలన్నది అతని ఏళ్లనాటి కోరిక. చేరాలంటే పాత వాచీ ఒకటి కార్యదర్శి చేతిలో పెట్టాలి. పెట్టేసరికి అది నడుస్తూ ఉండాలి. ఆగిన వాచీ చూపించినవాడి మొహం సంఘం మళ్లీ చూడదు.

ముసలాయనని చేతిలోకి తీసుకోబోతుండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పక్క ఊళ్లో కడుతున్న గోదాము దగ్గర మేస్త్రీలు అతను గీసిన ప్లాను తిరగేసి పట్టుకుని, గుమ్మం ఉండాల్సిన చోట గోడ లేపేస్తున్నారట. అతను చొక్కా బొత్తాలు ఒకదానిది ఒకదానికి పెట్టుకుని బస్సు కోసం పరుగెత్తాడు.

భార్య కొత్తగా కాపురానికి వచ్చింది. ఆ పెట్టె మీద ఆమె ఇంతవరకు చెయ్యి వేయలేదు. అతను వేయనివ్వలేదు. రోజూ పొద్దున్నే తలుపు దగ్గరగా వేసుకుని వాచీలతో మాట్లాడుకుంటూ ఉంటే, వంటింట్లో ఉన్న ఆమెకి అక్కడో ముక్క, ఇక్కడో ముక్క వినబడేది. "ముసలాయన రాత్రంతా బాగానే నడిచాడే!" అన్నది ఆమె తరచూ విన్న ముక్క. వాళ్లు అద్దెకున్న ఇంటి పై వాటాలో ఉండే ఇంటాయన మోకాళ్ల నొప్పులతో నిద్రపట్టక తిరుగుతున్నాడు కాబోలనుకుని జాలిపడేది. పుట్టింట్లో ఉన్నది ఒక్క బ్యాటరీ గోడ గడియారం. ఆమెకి తెలిసిన కీ తాళానిదే.

అతను బస్సులోంచి ఫోన్ చేశాడు.

"ఏమోయ్, కొంప మునిగింది! ముసలాయనకి కీ ఇవ్వడం మర్చిపోయాను."

"ముసలాయనకా?"

"ఆఁ, నువ్వు ఇచ్చెయ్. మెల్లిగా ఇవ్వు, కంగారు పెట్టకు. అసలే పాత ప్రాణం. ఇచ్చాక చెవి దగ్గర పెట్టి చూడు."

"చెవి దగ్గరా?"

"మరి? లేకపోతే ఎలా తెలుస్తుంది? నీ మీదే భారం వేస్తున్నా..."

మిగతా మాటల్ని బస్సు హారన్ మింగేసింది.

చెవి సంగతి మాత్రం ఆమెకి బాగా అర్థమైంది. ఇంటాయనకి చెముడు. ఏం చెప్పినా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సిందే. భర్త తనకి అప్పగించిన మొదటి పని ఇది. మేకుకి వేలాడుతున్న ఇంటి తాళంచెవి తీసి, కొంగుతో తుడిచి, పైకి వెళ్లింది.

ఇంటాయన పేపరు చదువుకుంటున్నాడు. జుట్టుకి వేసుకున్న నల్ల రంగు చెవుల అంచులకి కూడా అంటుకుంది. ఆమె తాళంచెవిని మెల్లిగా ఆయన అరచేతిలో పెట్టి, చెవి దగ్గరకి వంగింది.

"బాబాయిగారూ, మా ఆయన ఇచ్చేయమన్నారండీ!"

"ఖాళీ చేస్తున్నారా?"

ఆమెకి ఆ సంగతి తెలియదు. "ఇచ్చేయమన్నారండీ" అంది మళ్లీ.

"బంగారంలాంటి పిల్లలు! మీకు ముందున్నవాళ్లు ఖాళీ చేయడానికి నా ప్రాణం తీశారు. మీరు అడక్కుండానే ఇచ్చారు. పద, గదులు ఒకసారి చూసుకుంటాను."

ఆయన చూసుకుని, పైన తన మంచం కిందున్న టులెట్ బోర్డు తెచ్చి దుమ్ము దులిపి గేటుకి తగిలించాడు. ఆమె గుమ్మంలో కూలబడింది. ఖాళీయా? పొద్దున్నే పరుగెత్తింది వేరే ఇల్లు చూడటానికా? బదిలీ అయిందా? కట్టుకున్నదానికి ఒక్క మాట చెప్పకూడదా? అయినా భారం తన మీదే వేశానన్నాడు. కొంగు బిగించి, అటక మీద సామాను దించింది.

మధ్యాహ్నం మళ్లీ ఫోన్.

"ముసలాయనకి కీ ఇచ్చావా?"

"ఇచ్చాను."

"నడుస్తున్నాడా?"

"నడవడమేమిటండీ, మెట్లు దిగి మరీ వచ్చారు."

"భలేదానివే! ముందు నడుస్తున్నాడా, వెనకా?"

"ఆయనే ముందు. నేను వెనక."

"ముందైతే ఫర్వాలేదు. చప్పుడేమైనా తేడాగా ఉందా?"

"ఎడమ మోకాలు కటకటమంటోందట."

"లైను బాగాలేదు. కటకటమంటే నూనె ఆరిపోయి ఉంటుంది."

"పిన్నిగారు రాస్తున్నారట."

"ఎవరూ? ఎవర్నీ ముట్టుకోనివ్వకు! రేపు నేనే తీసుకెళ్లి, వెనక మూత తీయించి, లోపలంతా కడిగిస్తాను."

"ఏమండీ, మరి సామానో?" అని ఆమె అడిగేసరికి, బ్యాటరీలని నమ్మని మనిషి ఫోను బ్యాటరీ అయిపోయి ఆగింది. బాబాయిగారికి వెనక మూత ఎక్కడుందో ఆమెకి ఎంత ఆలోచించినా తట్టలేదు. చెక్కపెట్టెలోని వాచీలు ప్రయాణంలో గీసుకుపోకుండా ఒక్కొక్కటీ మేజోడులో దోపి, అన్నిటినీ దిండు గలీబులో వేసి మూతి కట్టింది.

సాయంత్రం కార్యదర్శి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడలో భూతద్దంతో ఉన్నాడు. గేటు దగ్గర ఇంటాయన కనబడ్డాడు.

"చూద్దామని వచ్చానండీ. పాతది ఉందన్నారు" అని, ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూసి, కార్యదర్శి అరిచినట్టే అన్నాడు.

"రండి రండి. పాతదే గానీ గట్టిది. మా నాన్నగారి హయాంలోది."

కార్యదర్శి ముఖం వెలిగింది. "ఎప్పుడైనా విప్పారా?"

"పైభాగం ఒకసారి విప్పి మళ్లీ వేశాం."

"తడి తగిలిందా?"

"వానలకి కుడివైపు మూల కాస్త చెమ్మ దిగుతుంది."

"అయ్యయ్యో! ముళ్లు అసలువేనా?"

"ముళ్లన్నీ నిరుడే కొట్టించేశాం. ఇప్పుడు వెనకంతా శుభ్రం."

కార్యదర్శి గుండె పట్టుకున్నాడు. ఇరుసులు అరక్కుండా వాచీ లోపల పొదిగే కెంపులైనా మిగిలాయేమోనని చివరి ఆశతో అడిగాడు. "లోపల రాళ్లు?"

"రాళ్లెందుకుంటాయండీ? అంతా ఇటుకే!"

భర్త తిరిగొచ్చేసరికి గేటుకి బోర్డు ఉంది. వసారా నిండా మూటలున్నాయి. పరుపు చుట్ట మీద కూర్చుని కార్యదర్శి మంచినీళ్లు తాగుతున్నాడు. భార్య బిందెలకి తాడు కడుతోంది.

"ఏమిటిదంతా?"

"మీరు చెప్పినట్టే చేశాను. ముసలాయనకి కీ ఇచ్చేయమన్నారుగా? ఇచ్చాను. చెవి దగ్గర కూడా చెప్పాను."

భర్త ఇంటాయనని చూశాడు. ఆయన వేలికి వేలాడుతున్న తాళంచెవిని చూశాడు.

"ముసలాయనంటే వాచీ! మా తాతగారి వాచీ!"

"వాచీని వాచీ అనడానికి ఏం రోగం?" కాపురానికి వచ్చాక ఆమె గొంతు పెంచడం అదే మొదలు.

అక్కడితో తప్పంతా భర్తదేనని తేలిపోయేది. కానీ ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకునే ఇంటాయనకి ఈ మాటలు ఒక్కసారికే వినబడ్డాయి.

"ముసలాయన అనగానే నేనే అని ఎలా అనుకున్నావమ్మా?"

ఆమె బిందెల తాడుకి ఇంకో ముడి వేసింది.

"ఈ వీధిలో ఇంకెవరూ దొరకలేదూ? నోటితో బాబాయిగారూ, మనసులో ముసలాయనా?"

"పోనీలెండి, అందులో ఆ పిల్ల తప్పేముంది?" అంది పైనుంచి ఇంటావిడ. దాంతో ఆయనకి ఇంకా మండింది. తాళంచెవి పరుపు మీదకి విసిరి, బోర్డు పీక్కుని, మోకాలి సంగతి మరిచిపోయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్లిపోయాడు.

భర్త గలీబు విప్పి, మేజోళ్లు దులిపి, ముసలాయనని బయటికి తీశాడు. ఆగిపోయి ఉన్నాడు.

కార్యదర్శి దాన్ని లాక్కుని భూతద్దం పెట్టాడు. "ముళ్లున్నాయి! నీలం ముళ్లు, రెండూ ఉన్నాయి! చెమ్మ లేదు, ఏమీ లేదు!" అన్నాడు ఆనందంతో.

"కానీ నడవటం లేదండీ" అన్నాడు భర్త, తల దించుకుని.

"ఎందుకు నడవదు?" అంటూ భార్య వాచీ అందుకుంది. మెల్లిగా, కంగారు పెట్టకుండా బొడిపె తిప్పింది. చెవి దగ్గర పెట్టుకుంది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మో, ఎంత ముద్దుగా కొట్టుకుంటోందో!"

కార్యదర్శి కలం తీశాడు. "ఆగిన వాచీ చూపించినవారికి సభ్యత్వం లేదు. మీరు చూపించినప్పుడు అది ఆగే ఉంది" అన్నాడు భర్తతో. "నడుస్తున్న వాచీ చూపించింది ఈ అమ్మాయి. నీ పేరు చెప్పమ్మా."

సంఘం సమావేశాలకి భర్త కూడా రావచ్చునట, కుటుంబ సభ్యుడి హోదాలో, వెనక వరుసలో, మాట్లాడకుండా ఉంటే.