కదలకపోతే వచ్చే గోడ

రోజీ పోయిన రోజు ప్రభుదాసు నోట మాట రాలేదు. సమాధి దగ్గర పాస్టరు శామ్యూల్ రెండుసార్లు పిలిచినా తల ఎత్తలేదు. ఏడాది తిరిగింది. ఈరోజు జ్ఞాపకార్థ కూడికలో భార్య గురించి రెండు మాటలైనా చెప్పాలని, ఉదయమే అద్దం ముందు వల్లె వేసుకుని గుండ్లపోచంపల్లి చర్చికి బయలుదేరాడు.

చర్చికి కొత్తగా వెనుక గోడ కట్టారు. అది పట్టాల మీద కదులుతుంది. జనం ఎక్కువైతే వెనక్కి జరిగి హాలును పెంచుతుంది. తక్కువైతే ముందుకు వచ్చి, ఉన్న కొద్దిమందినీ దగ్గర చేస్తుంది. పక్క కాలనీలో ఉండే ఆర్కిటెక్టు సుధీర్ రూపొందించాడు. ఆ గోడకు ఇదే మొదటి కూడిక.

శామ్యూల్ ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ లేచి కళ్లు మూసుకున్నారు. వేదిక మీదున్న ప్రభుదాసుకు వల్లె వేసిన మాటలు గుర్తురాక కళ్లు తెరుచుకున్నాయి. ఎదురుగా గోడ మెల్లగా నడిచి వస్తున్నది.

అది వెనుక వరుసలో ఉన్న రోజీ మేనత్త గంగమ్మ వీపుకు తగిలింది.

"ఎవలు గట్ల నూకుతున్నరు?" అంటూ ఆమె కళ్లు తెరవకుండానే ఒక అడుగు ముందుకు వేసింది.

"నువ్వే నన్ను నూకుతున్నవ్ అవ్వా," అంది ముందున్న కెజియా, తనూ కళ్లు తెరవకుండానే.

గోడ ఆగింది. అందరూ కుదురుగా నిలబడగానే మళ్లీ కదిలింది.

"ఆపుండ్రి!" అని అరిచాడు ప్రభుదాసు.

శామ్యూల్ ఉలిక్కిపడ్డాడు. "ప్రార్థన పొడుగైందా అన్నా?"

"అది కాదయ్యగారూ, గోడ వస్తాంది!"

అందరూ గిర్రున వెనక్కి తిరిగారు. అంత కదలికకు గోడ అప్పటికే తన చోటికి వెళ్లిపోయింది.

"పిల్ల యాదికొచ్చి పరేషాన్ అయితున్నడు," అంది గంగమ్మ. "అల్లుని కోసం ఇంకో ప్రార్థన జేయుండ్రి."

ఈసారి ప్రార్థన మరింత పొడుగు. గోడ మళ్లీ బయలుదేరింది. గుమ్మంలో సుధీర్ కనిపించగానే ప్రభుదాసు పిల్లిలా దిగి వెళ్లాడు.

"సార్, మీ గోడ మా మీదికొస్తాంది!"

"కదలిక లేకపోతే హాల్లో ఎవరూ లేరనుకుంటుందండీ," అన్నాడు సుధీర్ గొంతు తగ్గించి. "మా ఇంట్లో వ్రతం రోజున దీని సెన్సారు పెట్టి చూశానండీ. గంట కొట్టేవాళ్లు, హారతి తిప్పేవాళ్లు, పిల్లల వెంట పరిగెత్తేవాళ్లు... ఇంతమంది ఇంతసేపు కదలకుండా ఎలా ఉంటారండీ?"

"ప్రార్థనంటే గదే కద సార్!"

"అయితే మీరు చేతులు ఊపుతూ ఉండండి."

ప్రభుదాసు వేదికెక్కి రెండు చేతులూ ఊపాడు. గోడ ఆగింది. ఆమేన్ చెప్పి కళ్లు తెరిచిన శామ్యూల్ మొహం వెలిగింది.

"అన్న మాట్లాడతనని చేతులూపుతున్నడు! కూసోండ్రి, కూసోండ్రి."

ప్రభుదాసు చేతులు దించి ఒక అడుగు ముందుకు వేశాడు. గొంతు సవరించుకున్నాడు.

"రోజీ ఇంట్ల ఉన్నన్ని దినాలు, నాకు మాట్లాడే అవసరమే రాలే."

ఒక్కరూ దగ్గలేదు, కదల్లేదు. అందరూ ఆయన వైపే చూస్తూ ఉండిపోయారు. వాళ్ల వెనుక గోడ మళ్లీ బయలుదేరింది.

"జర... అందరు చేతులూపుండ్రి," అన్నాడు ప్రభుదాసు.

రోజీకి వీడ్కోలనుకుని అందరూ తలలెత్తి, కన్నీళ్లతో చాలాసేపు చేతులూపారు. గోడ వెనక్కి వెళ్లింది. తర్వాత అందరూ భోజనాలకు లేచారు.

ప్రభుదాసు రెండో మాట ఇంకా చెప్పలేదు.