అపెండిక్స్ ఉన్నట్టు ఆధారం

మానవ శరీరంలో పనీపాటా లేనిదని పేరుపడ్డ అవయవం అపెండిక్స్. దాని కోసం పనిచేసే సంఘాలు మాత్రం ఒక పెద్దాసుపత్రిలో మూడున్నాయి. (ఆ మూడూ ఎప్పుడు సమావేశం కావాలో తేల్చడానికి నాలుగోది ఉంది.)

బట్టలు కుట్టే ఒకావిడకు పొత్తికడుపులో కుడిపక్క నొప్పి వచ్చింది. సర్జన్ మూడు చిన్న గాట్లు పెట్టి, కెమెరా లోపలికి దించి చూశాడు. అపెండిక్స్ నున్నగా, ఏ పాపమూ ఎరగనట్టు పడుకుని ఉంది. చుట్టుపక్కలవీ అన్నీ బాగానే ఉన్నాయి.

"తీసేద్దామా సార్?" అంది నర్సు.

"పైకి బాగున్నా లోపల వాపు ఉండొచ్చు. తీసేస్తే పీడా పోతుంది. కానీ బాగున్నదాన్ని కోశానంటే ఆడిట్‌వాళ్ళు నన్ను కోస్తారు."

సంఘానికి ఫోన్ చేశారు. అధ్యక్షులవారు నిబంధన చదివి వినిపించారు: "మామూలుగా కనిపించు అవయవమును మామూలుగానే చూడవలెను."

వదిలేశారు. అయితే 'తీసిన అవయవం' అన్న గడి నింపనిదే కంప్యూటర్ ముందుకు కదలదు. గుమస్తా 'అపెండిక్స్' అని నొక్కి, 'తీయలేదు' అని కింద వ్యాఖ్య చేర్చాడు. (వ్యాఖ్యలు చూసే అధికారం వాటిని రాసినవారికి మాత్రమే ఉంది.)

నొప్పి దానంతటదే తగ్గింది. ఎనిమిది నెలల తర్వాత, మిషను ముందు కూర్చుని ఉండగా మళ్ళీ వచ్చింది, ఈసారి జ్వరంతో. అక్క వెంటబెట్టుకుని అదే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డ్యూటీ డాక్టరు పొట్టమీది మచ్చలు చూశాడు, కంప్యూటర్ తెర చూశాడు.

"మీకు అపెండిక్స్ తీసేశారుగా అమ్మా. గ్యాస్ అయ్యుంటుంది."

"తీయలేదు బాబూ. నాది నా దగ్గరే ఉంది."

"తీయలేదని కాగితం ఉందా?"

అక్కకు ఒళ్ళు మండింది. "దీనికి రెండు కిడ్నీలున్నాయని కూడా కాగితం తేవాలా?"

"దానికి వేరే కౌంటరమ్మా."

గ్యాస్ మాత్రలిచ్చి పంపారు. మర్నాడు మళ్ళీ వెళితే, రికార్డు సరిచేయమని అర్జీ పెట్టుకోమన్నారు. మూడో రోజు ఆ అర్జీల వరుసలోనే ఆవిడ కుప్పకూలింది. పొట్ట తెరిచేసరికి, రికార్డుల్లో లేని ఆ అపెండిక్స్ పగిలి చీము అంతటా పాకి ఉంది. పాత సర్జనే శుభ్రం చేశాడు.

పంతొమ్మిది రోజులకు మంచం దిగింది. "నొప్పి సరేనే అక్కా, ఓర్చుకున్నాను. నా పొట్టలో ఏముందో చెబితే దొంగని చూసినట్టు చూశారు" అని ఏడ్చింది.

అక్క ఫిర్యాదు పెట్టింది. మూడు సంఘాలూ మొదటిసారి ఒకేచోట కూర్చుని, ఏకగ్రీవంగా నివేదిక ఇచ్చాయి: "సిబ్బంది తప్పేమీ లేదు. రోగి మొదటి నుంచీ నిజమే చెబుతూ వచ్చినందున వారు అయోమయానికి గురైరి."