ఒక్క వాటు కోసం మహాసంగ్రామము

ఓ విద్యుద్దేవీ! గోడప్లగ్గున కొలువుండి, తీగల గుండ ప్రవహించి, లాప్‌టాపుల ఉదరములలో వేడిగా మారి వృథాగా గాలిలో కలిసిపోవు తల్లీ! నిన్ను పొదుపు చేయుటకు నడుము బిగించిన ఒక వీరనారి గాథను పాడబూనితిని. ఈ కథ ముగియువఱకైనను కరెంటు పోనీయకుము.

అది గ్రీష్మ మధ్యాహ్నము. ప్రచండ మార్తాండ కిరణ ప్రహారములకు రోడ్డుమీది తారు మెత్తబడుచుండ, పరిశోధనాలయపు రెండవ అంతస్తున, కిటికీలు బిగించి, ఏసీ ఆపి, ఫ్యాను ఆపి, తలుపునకు "కొలత జరుగుతోంది, కదలకండి" అను అట్టను వ్రేలాడదీసి, ఏ ప్రోగ్రాము ఎంత కరెంటు త్రాగునో తేల్చు పండితులు చెమటలు కక్కుచు కూర్చుండిరి. గాలి తగిలి లాప్‌టాపు చల్లబడినను లెక్క తప్పునని వారి శాలాచారము. మనుషులు ఉడికినను లెక్క తప్పదట.

ఆ వీరనారికి లోకులు పెట్టిన పేరు పొదుపక్క. చుట్టపుచూపుగా పోయిన యింట కూడ కాళ్లు కడుగకమునుపే లైట్లు ఆర్పు మహానుభావురాలు. సంచార వైద్యశాల బండిలోని లాప్‌టాపు సాయంత్రము దాక బ్యాటరీమీద నిలువవలెనని, రోగుల వివరములు చూపు ప్రోగ్రామును తేలిక చేయుట ఆమె వ్రతము. పాత ప్రోగ్రాము ఇరువదియొక్క వాట్లు మ్రింగెడిది. ఆనాడు ఐదింటిలోపల ఒక్క వాటైనను తగ్గించి చూపనిచో, ఆ గది విరిగిన కుర్చీల పాలగుననియు, ఆమె వార్షిక నివేదికలు వ్రాయు విభాగమునకు పోవలెననియు డైరెక్టరుగారి శాసనము. ఆ విభాగమును చూచినవారెవ్వరును దానిని చిన్న శిక్ష యనరు.

సమరసన్నద్ధయై, కీబోర్డును చేకొని, చేసిన పనినే మరల మరల చేయు లూపులను చీల్చి చెండాడి, పిలువని పేరంటమునకు వచ్చి తిష్ఠవేసిన ఫైళ్లను ఏరి పాఱద్రోలి, పొదుపక్క ప్రోగ్రామును నడిపి చేతులు కట్టుకొనెను. తెరమీద అంకె వెలిగెను: ఇరువదిమూడు. మరల నఱికెను. ఇరువదినాలుగు! తగ్గించినకొలది పెరుగు ఆ రక్కసిని చూచి ఆమెకు ఏడుపు వచ్చెను. నిజముగానే వచ్చెను, చెమటలో కలిసిపోవుటచే ఎవరికిని తెలియలేదు.

అంతట గ్రాఫన్న లేచెను. గోడప్లగ్గునకు తగిలించిన మీటరును అడిగి అంకెలు రాబట్టి, తెరపై రంగురంగుల గీతలు గీయు ప్రోగ్రామును సృష్టించిన సహోద్యోగి యతడు.

"అధైర్యపడకు పొదుపక్కా! నా గ్రాఫుండగా ఒక్క మిల్లీవాటు తప్పించుకుపోతుందా? అది నక్కి నక్కి దాక్కుంటే నేను వెతికి వెతికి పడతా! ఇంకా సన్నగా గీస్తా, ఇంకా గట్టిగా అడుగుతా!"

అతడట్లు గర్జించుచుండగనే పొదుపక్క ఫోను మ్రోగెను. అమ్మ. మధ్యాహ్నమునుండి ఇదే వరుస.

"ఎక్కడున్నావే? బయల్దేరావా?"

"అమ్మా! బయల్దేరావా బయల్దేరావా అని నువ్వడిగినప్పుడల్లా పని ఆపి 'లేదు' అని చెప్పడానికే సరిపోతోంది. ఇలా అడుగుతూ ఉంటే నేనింక బయల్దేరేదెప్పుడు? బయల్దేరగానే నేనే చేస్తాలే!"

"సరేలే తల్లీ, అడగను. కసురుకోకు."

ఫోను పెట్టబోయిన చేయి గాలిలోనే నిలిచెను.

"గ్రాఫన్నా, నీ గ్రాఫు ఏ మెషీన్లో నడుస్తోంది?"

"దీన్లోనే. ఇంకెక్కడ?"

"ఎంతైంది ఎంతైంది అని మీటర్ని సెకనుకి ఎన్నిసార్లు అడుగుతోంది?"

"పొద్దున వందసార్లు. తగ్గట్లేదని నువ్వు బాధపడుతుంటే చూడలేక వెయ్యి చేశా. నీ కోసమే!"

కంచెయే చేను మేయుట యనగా ఇదియే. పాత ప్రోగ్రాముకు వచ్చిన ఇరువదియొకటి, గ్రాఫన్న ఉద్యోగమున చేరకమునుపు గోడమీటరును కంటితో చూచి వ్రాసిన అంకె యని అప్పుడామెకు తట్టెను.

"ఆపెయ్."

"గ్రాఫు లేకుండా పరిశోధనా!" అని గ్రాఫన్న లాప్‌టాపునకు అడ్డము నిలిచి ఆక్రోశించెను. "రంగు గీతల్లేని ఫలితాన్ని ఏ సభ నమ్ముతుంది? ఏ తెర మోస్తుంది? కావాలంటే నా ప్రాణం తియ్, నా గ్రాఫు జోలికి మాత్రం రాకు!"

"సరే అయితే. కుర్చీలు మోద్దాం పద."

వీరుడు ప్రక్కకు తొలగెను.

గ్రాఫు మూసినంతనే లాప్‌టాపు రొద సద్దుమణిగెను. పొదుపక్క మోకాళ్లపై ప్రాకి, బల్లక్రింది దుమ్మును ధిక్కరించి, గోడమీటరు నెదుట ఊపిరి బిగబట్టెను. ఇరువదిరెండు. ఇరువదియొకటి. ఇరువది! అక్కడ నిలిచెను.

సరిగా అప్పుడే డైరెక్టరుగారు వేంచేసిరి.

"గ్రాఫేదమ్మా?"

"గ్రాఫు పెడితే ఆ వాటు పోతుంది సార్. మీరే వంగి చూడాలి."

కన్నవారికి తప్ప మరెవ్వరికిని వంగనట్టి ఆ మేరుసమాన దేహము, టై నేలను ఊడ్చుచుండ, బల్లక్రిందికి వంగెను. తల ఠంగున తగిలెను. తరువాత చీకటిలోనుండి వాక్కు వెలువడెను.

"ఇరవయ్యే. గది మీకే ఉంచుతాను. ముందు ఆ ఫ్యాను వెయ్యండి బాబూ!"

భేరీలు మ్రోగలేదు, ఫ్యాను కిర్రుమనెను. పుష్పవృష్టి కురియలేదు, ఫ్యాను రెక్కల దుమ్ము కురిసెను. ఒక్క వాటు! త్రిలోకములలోను వినబడనంత చిన్నదైన జయధ్వానముతో పొదుపక్క సంచి భుజమున వేసికొని మెట్లు దిగుచు, ఇచ్చిన మాట ప్రకారము తానే ఫోను చేసెను.

"అమ్మా, బయల్దేరాను. గెలిచాను."

"హమ్మయ్య. అడగొద్దన్నావుగా, అడగలేదు. నువ్వెప్పుడు చేస్తావో అని నిమిషానికోసారి ఫోను వెలిగించి చూసుకుంటూ కూర్చున్నా. ఛార్జింగంతా అయిపోయింది. గోడకి తగిలించి మాట్లాడుతున్నా. జాగ్రత్తగా రా."

పొదుపక్క మెట్లు గబగబ దిగసాగెను. ప్లగ్గు తీసేయమని మాత్రము అనలేదు.

విద్యుద్దేవీ! మహాసంగ్రామమున గెలిచిన ఆ ఒక్క వాటు ఎక్కడికి పోయెనో నీవెఱుగుదువు. ఎంతైందని మాత్రము అడుగకుము.