ముంగిసకు సాంబ్రాణి

ఆ రోజు ఉదయం ఈదయ్య పెట్టుకున్న పని ఒక్కటే. మిర్యాలగూడ బస్సులో అత్తగారు దిగేలోగా ముంగిసకు నీళ్లు పోయాలి. పందొమ్మిది వందల నలభై తొమ్మిది చలికాలం. సూర్యాపేటలో గొర్రెలు కాసుకునే ఈదయ్యకు పెళ్లయి నాలుగు నెలలే అయింది. ముంగిస మాత్రం అంతకు రెండేళ్ల ముందే ఇంట్లో చేరింది. ఇంట్లో కంపంతా దానిదేనని కొత్త పెళ్లాం కొమురమ్మ తేల్చేసింది.

"మా అవ్వ గడపల ముక్కు మూసుకున్నదంటే అదన్న పోవాలె, నేనన్న పోవాలె" అంది.

ఈదయ్యకు భార్యంటే ప్రేమే. ముంగిసన్నా ప్రేమే. దిక్కుతోచక ముత్తమ్మను పిలుచుకొచ్చాడు. ఆ వాడలో పుట్టిన ప్రతి పిల్లకూ నీళ్లు పోసేది ఆమే. చంటిపిల్లల్ని తోమిన చేతికి ముంగిస ఒక లెక్కా అనుకున్నాడు.

ముత్తమ్మ కాదనలేదు. కాళ్లు చాపుకుని కూర్చుని, ముంగిసను వాటి మీద బోర్లా వేసుకుంది. నువ్వులనూనె రాసి, శనగపిండితో నలుగు పెట్టి, వేడినీళ్లు పోసింది. అది కళ్లు మూసుకుని హాయిగా పడుకుంది. తర్వాత పాతచీరలో చుట్టి సాంబ్రాణి పొగ వేసింది.

ఆ పొగే కొంప ముంచింది. ముత్తమ్మ లోపలికి వెళ్లడం చూసిన వాడకట్టుకు ఇప్పుడు సాంబ్రాణి వాసన కూడా తగిలింది. పక్కింటి సుందరమ్మ వేళ్లు మడిచి, పెళ్లయిన నెలలు లెక్కబెట్టింది. ఎన్నిసార్లు లెక్కబెట్టినా నాలుగే వచ్చాయి. అయినా వట్టి చేతులతో పోకూడదని బాలింత కోసం వెల్లుల్లి కారం పట్టుకుని బయల్దేరింది. మరో ఆరుగురు ఆమె వెంటపడ్డారు. బస్సు దిగిన అత్త వీరమ్మకు మనవడు పుట్టాడన్న కబురు బజారులోనే ఎదురైంది. కూతురి పెళ్లి ఎప్పుడు చేసిందో ఆమెకు బాగా గుర్తు. సిగ్గుతో చచ్చిపోతూ, ఒక్క పరుగున ఇంట్లోకొచ్చి చీరమూట విప్పింది.

మూటలో ముంగిస మీసాలు కదిపింది.

వీరమ్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. పరువు కాపాడిన ఆ జీవాన్ని ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

"కమ్మగ సాంబ్రాణి వాసనొస్తున్నది గదనే. దీన్నెందుకు ఆడిపోసుకుంటున్నవ్?"

"మరి కంపు ఇంకా పోలేదేందవ్వా?" అంది కొమురమ్మ.

నిజమే, కంపు ఉన్నచోటే ఉంది. వీరమ్మ ఉట్టి కింద, కుండల వెనక వాసన చూసుకుంటూ వచ్చి అల్లుడి ముందు ఆగింది. అతని భుజాన గొంగడి ఉంది. నాలుగు వానాకాలాలు మందతోపాటు తడిసి, ఒక్కసారి కూడా ఎండ చూడని గొంగడి.

"మా ఇంట్ల పది గొంగళ్లున్నయ్ బిడ్డా. ఒక్కటి గూడ గిట్ల లేదు" అని దాన్ని బయట పడేయించింది. కంపు తగ్గింది గానీ పోలేదు.

"మొన్న అమాసకే తానం జేసిన" అన్నాడు ఈదయ్య నేల చూస్తూ.

కొమురమ్మ ముంగిసను చంకనెత్తుకుంది. "ఇది గీడనే ఉంటది. ఇగ ఈయన సంగతే తేలాలె."

ముత్తమ్మ కాగులో చెయ్యి పెట్టి చూసింది. నీళ్లు ఇంకా వేడిగానే ఉన్నాయి. శనగపిండి కూడా మిగిలింది. ఈదయ్యను పీట మీద కూర్చోబెట్టింది.

గుమ్మంలో ఉన్న ఏడుగురు ఆడవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. బిడ్డ వయసు కాస్త ఎక్కువైనా, వాళ్లు వచ్చింది నీళ్లు పోసే ముచ్చట చూడటానికే కదా.