శుక్రవారం పడాల్సిన కొండ

ఆ రోజు నాగబాబు మాస్టారి పథకం చాలా చిన్నది. సైన్సు దినోత్సవం కదా, పిల్లలకు గంటసేపు ఉపన్యాసం చెప్పాలి. మధ్యాహ్నం సెలవు పెట్టి, భార్య అనూరాధను బండి మీద పొందూరు తీసుకెళ్ళి, ఆమె ఎప్పటినుంచో అడుగుతున్న ఖద్దరు చీర కొనాలి. "ఇయాల కూడా మాట తప్పినారంటే ఊరుకోను, సెప్తన్నాను" అని ఆమె ఇడ్లీతో పాటు హెచ్చరిక కూడా వడ్డించింది.

ఆయన పనిచేసే హైస్కూలు శ్రీకాకుళానికి అవతల, సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో ఉంది. ఉపన్యాసానికి ఎంచుకున్న అంశం, భూమి మీద పడబోయే గ్రహశకలాన్ని మనిషి ఆపగలడా అన్నది. హెడ్మాస్టరు జగన్నాధం గారు మైకుసెట్టు తెప్పించారు. ఆ సెట్టువాడు, తల్లిదండ్రులు కూడా వింటే మంచిదే కదా అనుకుని, ఒక హారన్‌ను డాబా మీదకు ఎక్కించి ఊరివైపు తిప్పి కట్టాడు. ఆ సంగతి నాగబాబుకు ఎవరూ చెప్పలేదు.

ఆయన భయపెడుతూ మొదలుపెట్టాడు. భయపెడితే గాని వెనక బెంచీలు నిద్ర లేవవని ఆయన అనుభవం.

"వచ్చే శుక్రవారం మధ్యాహ్నం కొండంత రాయి ఒకటి ఆకాశంలోంచి వచ్చి, సరిగ్గా మన ఊరి ముందు సముద్రంలో పడుతుంది! తాటిచెట్లు మునిగేలా కెరటం లేస్తుంది. బోటు ఉండదు, వల ఉండదు, ఇల్లు ఉండదు. శ్రీకాకుళం ఉండదు, విజయనగరం ఉండదు. ఎవరం మిగలం!"

అక్కడ కరెంటు పోయింది.

హాల్లో దానివల్ల నష్టమేమీ జరగలేదు. ఆయన గొంతు పెంచి, "అలా జరుగుతుందని అనుకుందాం. అప్పుడు మనమేం చేయాలి?" అని కొనసాగించాడు. అంతరిక్ష నౌకతో రాయిని గుద్ది దాని దారి ఎలా మళ్ళించవచ్చో, కొన్నేళ్ళ క్రితం నిజంగానే ఒక రాయిని గుద్ది ఎలా పరీక్షించారో బోర్డు మీద బొమ్మలు వేసి మరీ చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఊరికి మాత్రం ఉపన్యాసం "ఎవరం మిగలం" దగ్గరే అయిపోయింది.

ఊళ్ళో ముందు ఏడుపు మొదలైంది. అది ఎక్కువసేపు నిలవలేదు. ఎలాగూ పోతున్నప్పుడు ఇంకా ఎవరికి భయపడాలన్న ఆలోచన అందరికీ దాదాపు ఒకేసారి వచ్చింది.

మరిడమ్మ పొయ్యి మీది కుండ దించి, వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తున్న అత్తగారు తవిటమ్మ ముందు నిలబడింది.

"అత్తా, సచ్చేముందు సెప్పీస్తన్నాను. పెళ్ళయిన కాడ్నించి నా వంట తిని మూతి తిప్పుతావు గదా, నీ చేతి పులుసు కుక్క కూడా ముట్టదు! నీ కొడుకు నీ భయానికి మింగుతాడు!"

తవిటమ్మ లేచింది. "ఓలమ్మో, ఇన్నాళ్ళకి నోరొచ్చిందేటే నీకు? నువ్వు నాకు ముందునించీ నచ్చలేదు. మీ నాన్న కాళ్ళు పట్టుకుంటే జాలిపడి సేసుకున్నాం!"

"మా నాన్న కాళ్ళు పట్టుకున్నాడా? మీరే మా గుమ్మం అరగ్గొట్టినారు!"

తల్లికీ పెళ్ళానికీ మధ్య నిలబడలేక సూరయ్య ఒడ్డుకు పరుగెత్తాడు. అక్కడ అతని చెల్లెలి భర్త హరిబాబు వల ముందు కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ కలిపి ఒకే బోటు, ఒకే వల. సూరయ్య మారు మాట్లాడకుండా మొలలోంచి కత్తి తీసి వలను మధ్యకు కోయడం మొదలుపెట్టాడు.

"ఏటి బావా, ఏటి సేస్తన్నావు!"

"నా సగం నాకిచ్చీ. నువ్వు బోట్లో తొంగుంటే నాను ఒక్కడినీ లాగినాను. ఇన్నాళ్ళూ సెల్లి మొగం సూసి ఊరుకున్నాను. సచ్చినాకైనా నీతో పొత్తు నాకొద్దు!"

హరిబాబు కూడా ఊరుకోలేదు. తనవైపు నుంచి అతనూ కోశాడు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం స్కూలు గేటు ఎదుట టీ బడ్డీలో జరిగింది. ఉపన్యాసం మొదలవుతూనే టీ కోసం బయటికి వచ్చిన జగన్నాధం గారు హారన్‌లో మొదటి సగమే విన్నారు. ఆయన తెలుగు పండితుడు. సైన్సు మాస్టారు సైన్సు సంగతి చెబుతుంటే అనుమానించడం ఆయన పద్ధతి కాదు. సర్వీసంతా ఎవరి మీదా గొంతు ఎత్తని ఆ మనిషి గ్లాసు కింద పెట్టి, ఫోను తీసి, పై ఆఫీసరుకు వాయిస్ మెసేజ్ పెట్టారు.

"ఒరే, ప్రతి మీటింగులోనూ నన్ను నిలబెట్టి కడిగేవాడివి. నీకు తెలుగూ రాదు, లెక్కలూ రావు, మర్యాద అంతకన్నా రాదు. మా సైన్సు మాస్టారు చెప్పాడు, శుక్రవారం ఆకాశంలోంచి కొండ పడతాది. నువ్వూ పోతావు, నీ ఏసీ గదీ పోతాది. అప్పుడు పంపించుకో మెమోలు!"

టిక్కులు రెండూ నీలం రంగులోకి మారాయి. జగన్నాధం గారు తృప్తిగా ఇంకో టీ చెప్పారు.

నాగబాబు హాల్లోంచి బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఊరంతా ఉంది. చెరో సగం వల భుజాన వేసుకుని బావలిద్దరూ, జుట్టుముడులు ఊడిన అత్తాకోడళ్ళూ ముందు వరుసలో ఉన్నారు. సంగతి అర్థమయ్యాక ఆయన రెండు చేతులూ ఎత్తి, "భయపడకండి! రాయి లేదు, ఏమీ లేదు! ఉదాహరణకి చెప్పాను!" అన్నాడు.

ఊపిరి పీల్చుకుంటారనుకున్నాడు. వాళ్ళ ముఖాలు ఇంకా ఎర్రబడ్డాయి.

"పడదా?" అన్నాడు సూరయ్య. "మరి నా వల?"

"ఏటి మాస్టారూ, పడదని ఇప్పుడా సెప్పడం?" మరిడమ్మ అరిచింది. "నాను ఈ మనిషితో మళ్ళీ ఒకే పొయ్యి కాడ ఎలగ నిలబడతాను?"

"అమ్మా, నిజంగా వచ్చినా ఆపొచ్చు. ఏళ్ళ ముందే చూసి కొంచెం నెడితే చాలు, దారి మారిపోతుంది. దగ్గరికి వచ్చేదాకా ఊరుకుంటేనే ఎవరూ ఏమీ చేయలేరు!"

మరిడమ్మ అత్తగారి వైపు తిరిగింది. "ఇన్నావా? నా కూరలో ఉప్పు ఎక్కువైందని కొత్తల్లోనే నెమ్మదిగా సెప్పుంటే తగ్గించీదాన్ని గదా!"

"నువ్వు సెప్పినావేటి నా పులుసు సంగతి?" తవిటమ్మ తగ్గలేదు.

నాగబాబుకు ఒళ్ళు మండింది. "వల కోయమని నేను చెప్పానా? అత్తను తిట్టమని చెప్పానా? రాయి పడుతుందంటే ఒక్కరైనా పిల్లల కోసం స్కూలుకు పరుగెత్తారా? కత్తులు, నోళ్ళు పట్టుకుని బయల్దేరారు!"

కొందరు తల్లులు అప్పుడే పిల్లల కోసం హాలు వైపు చూశారు. జగన్నాధం గారి ముఖం మాత్రం పాలిపోయింది. "మాస్టారూ, నా పింఛను..." అంటూ గోడకు చేరబడ్డారు. నాగబాబు జేబులో ఫోను మోగింది. అనూరాధ. చీర మాట గుర్తొచ్చి, తీయడానికి ధైర్యం చాలలేదు. అంతలో గేటు ముందు ఆఫీసరు జీపు ఆగింది.

ఆఫీసరు దిగుతూనే, "ఆ సైన్సు మాస్టారు ఎవరు?" అని గర్జించి, ఆయనను గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూశాడు. ఉద్యోగం పోయిందనుకుంటూ నాగబాబు నిలబడ్డాడు. ఆఫీసరు గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పండి. పడుతుందా, పడదా?"

"పడదు సార్."

ఆఫీసరు కుర్చీలో కూలబడ్డాడు. "ఏ మూలో సముద్రంలోనైనా పడే అవకాశం లేదా? చిన్నదైనా?"

"లేదు సార్. మీరు నమ్మారా?"

"నమ్మనా మరి? జగన్నాధం నోట తిట్టు వచ్చిందంటే ప్రపంచం మునిగిపోతోందనే గదా అర్థం!" ఆఫీసరు తల పట్టుకున్నాడు. "వెంటనే మా వియ్యంకుడికి ఫోన్ చేశాను. వాడి కొడుకు పనికిమాలినవాడనీ, వాళ్ళావిడ నోరు మంచిది కాదనీ... ఏదీ దాచుకోలేదయ్యా. సాయంత్రం ఇంటికి వస్తానన్నాడు. నలుగురు పెద్దమనుషుల్ని తీసుకుని!"

విచారణ జరగలేదు. జరిపితే జగన్నాధం గారి మెసేజ్ అందరి ముందూ వినిపించాలి, అది విని ఆఫీసరు ఏం చేశాడో కూడా చెప్పాలి. జగన్నాధం గారికి మెమో రాలేదు. సూరయ్యా హరిబాబూ మర్నాటి నుంచి ఒకరి ముఖం ఒకరు చూడకుండా, వీపు వీపు ఆనించుకుని కూర్చుని, తిట్టుకుంటూనే వలకు అతుకులు వేశారు. మరిడమ్మ వేరు పొయ్యి పెట్టింది. ఆ రెండు పొయ్యిల పులుసుల్లోనూ ఉప్పు తగ్గిందని ఊళ్ళో చెప్పుకున్నారు.

వచ్చే ఏడాది సైన్సు దినోత్సవానికి వానపాము గురించి మాత్రమే మాట్లాడాలని నాగబాబు మాస్టారికి పైనుంచి ఆదేశం వచ్చింది.